చీకటిని చీకటిగా తీసే కెమెరా

నా ఫోన్‌కు చీకటంటే పడదు. ఇనుప గనుల ఊరు, ఈ బచేలిలో వానాకాలం వచ్చిందంటే మధ్యాహ్నం మూడింటికే కొండ మీది మబ్బు కాలనీలోకి దిగి మా పెరటి జామచెట్టును మింగేస్తుంది. ఎదురు క్వార్టరు కనబడదు. గిన్నె ఎక్కడ పెట్టానో తడుముకుని వెతుక్కోవాలి. అలాంటి పూట కిటికీలోంచి ఒక ఫోటో తీస్తే, ఫోన్ దాన్ని తనకు తోచినట్టు కడిగి, పచ్చగా, వెలుతురుగా చేసి చేతిలో పెడుతుంది. తెర మీద వెలుతురు తగ్గించే గీతను కిందికి లాగి కూడా చూశాను. సరేనన్నట్టే ఉండి, నొక్కాక మళ్లీ తన బుద్ధి చూపించేది.

విశాఖపట్నంలో ఉండే మా అక్కకు ఆ ఫోటోలే పంపేదాన్ని. ఆవిడ జవాబు ప్రతిసారీ ఒకటే. "నీకేటే, స్వర్గంలో ఉన్నావు. ఇక్కడ మేం ఉక్కతో చచ్చిపోతన్నాం."

మా ఆయన గనిలో షిఫ్టు ఉద్యోగి. ఆయన నిద్రపోయే వేళకు నేను లేస్తాను, నేను పడుకునే వేళకు ఆయన బస్సెక్కుతారు. పిల్లలు లేరు. కాపురానికి వచ్చిన కొత్తలో చుట్టుపక్కలంతా మనవాళ్లే. ఒక్కొక్కరే రిటైరై వెళ్లిపోయారు. ఇప్పుడు కూరలమ్మే ఆవిడతో హిందీ, పనమ్మాయితో వచ్చీరాని ఇక్కడి భాష హల్బీ. తెలుగు ఫోన్‌లోనే. ఈ వానల్లో ఒంటరిగా ఉండలేకపోతున్నానని అక్కకు చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. తీరా ఆవిడ గొంతు వినగానే పచ్చళ్ల కబుర్లే వచ్చేవి. చెప్పడం నా వల్ల కాదని తేలిపోయింది. ఇక్కడ ఎంత చీకటిగా ఉంటుందో ఆవిడ ఒక్కసారి కళ్లారా చూస్తే, నేను చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుందని ఆశ.

అలా పట్టుకుంది నాకు కెమెరా పిచ్చి. హిందీ వీడియోలు చూసి నేర్చుకున్నాను. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో, లోపలికి ఎంత వెలుతురు రానివ్వాలో మనమే చెప్పగలిగే కెమెరాలు ఉంటాయట. వాటి పైన తిప్పే చక్రం మీద 'ఎం' అనే అక్షరం ఉండాలట. మెడలో వేలాడేసుకునే పెద్దవి నా తాహతుకు మించినవి. నాకు కావలసింది గుప్పిట్లో పట్టేది, జాకెట్లు కుట్టి దాచుకున్న దాంట్లో వచ్చేది. మా ఆయనతో అంటే, "ఫోనుందిగా," అన్నారు. ఫోనుండబట్టే కదా వచ్చింది ఈ తంటా.

బస్సులో గీదం మీదుగా జగదల్‌పూర్ పట్నం వెళ్లాను, ఒక్కదాన్నే. బజారులో తెలుగువాళ్ల కెమెరా దుకాణం ఒకటుంది. యజమానికి నా వయసే ఉంటుంది. నా తెలుగు వినగానే అతని మొహం విప్పారింది, టీ తెప్పించాడు. కెమెరా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరికీ కుదరలేదు.

"ఇది తీస్కో అక్కా. జూమ్ మస్తుంటది. ఆటోల పెట్టి నొక్కుడే, తక్లీఫ్ లేదు."

"చక్రం మీద ఎం ఉందా?"

"అదెందుకు నీకు? ఇంతకీ ఎవరి ఫోటోలు తీస్తవు?"

"ఎవరివీ కాదు," అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, అతను ఇంకో డబ్బా దించాడు.

కొత్తవాటిలో చవకవన్నీ, అంతా తామే చూసుకునే ఆటోవే. ఎం ఉన్నవాటి ధర విని డబ్బాలు వెనక్కి జరిపేశాను. ఫోన్లు వచ్చాక చిన్న కెమెరాలు రావడమే తగ్గిపోయిందని అతనే చెప్పాడు. చివరికి బీరువా అడుగునుంచి ఎవరో వాడి అమ్మేసినది ఒకటి తీశాడు. ఒంటినిండా గీతలు, తెర మూలన నల్ల చుక్క. కానీ చక్రం మీద ఎం ఉంది. దాన్ని అక్కడికి తిప్పి, షట్టర్ వేగం పెంచుకుంటూ పోయాను. తెర మీద దుకాణం కొంచెం కొంచెంగా చీకటైపోయింది.

అతను తొంగి చూశాడు. "ఏంది, ఖరాబయిందా?"

"లేదు బాబూ, ఇదే కావాలి." నా మాట వినే వస్తువు ఒకటి దొరికిందన్న సంబరంలో బేరం కూడా మరిచిపోయాను.

ఆ వారమే మబ్బు దిగింది. పక్కనున్న వంటింట్లో తప్ప ఎక్కడా దీపం వేయకుండా, మూసిన కిటికీ ముందు నిలబడ్డాను. ఎన్ని తీసి చెరిపానో! ఆఖరికి ఒకటి నా కంటికి కనబడ్డట్టే వచ్చింది. బూడిద రంగు మబ్బు, నల్లటి జామకొమ్మ ఒకటి, మిగతాదంతా చీకటి. నా పగలు అచ్చంగా అదే. ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది. దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి, ఒక్క మాటా రాయకుండా అక్కకు పంపాను.

కాసేపటికి నా ఫోటోయే తిరిగొచ్చింది. తెల్లగా, వెలుగుతూ. కింద, "చీకటిగా వచ్చిందే, సరిచేశాను చూడు," అని రాసింది. ఒళ్లు మండిపోయింది. ఇంత తిరిగింది ఇందుకా అనుకుంటుండగా ఫోన్ మోగింది.

"ఒసే, ఆ కిటికీ అద్దంలో ఉన్నది నువ్వేనా?"

మళ్లీ తెరిచి చూశాను. నేను తీసిన చీకట్లో తెలియలేదు గానీ, అక్క వెలుతురు పెంచేసరికి అద్దంలో మబ్బు పక్కన ఒక మనిషి బయటపడింది. వంటింటి దీపం సగం మొహం మీద పడుతోంది. కెమెరాను గుండెలకు ఆనించి పట్టుకుని నిలబడి ఉంది.

"నేనే."

"అలా అయిపోయావేటే? పగటిపూట కూడా ఎవరూ ఉండరా నీ దగ్గర?"

"ఎవరూ ఉండరక్కా," అన్నాను. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు.