వరికి మందు చెప్పిన గిటార్

నవ్వితే నవ్వండి గానీ, టీ చల్లారకముందే చెప్పేస్తాను. తర్వాత చెప్పే ఓపిక నాకుండదు. మొన్న ఆదివారం నుంచి మా అపార్ట్‌మెంట్‌లో నా పేరు మారిపోయిందండీ! ఇన్నాళ్ళూ “సైన్స్ టీచర్ గారూ” అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు “వ్యవసాయ శాఖ గారూ” అంటున్నారు. ఇవాళ పొద్దున లిఫ్ట్ ఎక్కితే రెండో ఫ్లోర్ ఆవిడ, “ఏవండీ వ్యవసాయ శాఖ గారూ, ఈ వారం వరికి ఏం కొట్టమంటారు?” అనడిగింది. నేనేమో పామర్రు బస్సు తప్పిపోతుందని పరిగెడుతున్నాను. తిరిగి ఏదో ఒకటి అనడానికి టైమ్ లేదు. ఉన్నా ఏమంటాను, నా మొహం! చేసుకున్నది నేనే.

అంతా ఆ గిటార్ వల్ల వచ్చింది. మా తమ్ముడు కిశోర్ లేడూ, వాడిది. ఎలక్ట్రిక్ గిటార్. దానికి తోడు ఓ చిన్న స్పీకర్ పెట్టె, దాన్ని ఆంప్ అంటారు. పెళ్ళికి ముందు మోజుపడి కొన్నాడు. మొన్న వేసవిలో గుంటూరులో వాళ్ళు ఇల్లు మారుతుంటే మా మరదలు, “ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి” అందిట. వీడు కాసేపు ఆలోచించాట్ట కూడా! చివరికి తెచ్చి మా హాల్లో దించాడు. “నువ్వు నేర్చుకో అక్కా, స్ట్రెస్ పోతుంది” అన్నాడు.

నా స్ట్రెస్ సంగతి మీకు తెలీనిదేముంది! పొద్దున్నే వంట, బాక్సులు, బెజవాడ బస్టాండు, పామర్రు దాకా నిలబడి ప్రయాణం, ఇక్కడ పీరియడ్ మీద పీరియడ్, మళ్ళీ నిలబడి ప్రయాణం. ఇంటికెళ్తే సింకు నిండా గిన్నెలు. ఆ ఇంట్లో నాది అనే వస్తువు ఒక్కటి లేదండీ. టీవీ మా అత్తయ్యగారిది. సోఫా మా ఆయనది. ఫోనేమో మన స్కూల్ వాట్సాప్ గ్రూపుది. అందుకే ఓ సాయంత్రం ఆ గిటార్ ఒళ్ళో పెట్టుకుని తీగ మీటితే నాకు ఏడుపొచ్చినంత పనైంది. నిజం! అదేదో బాగా మోగిందని కాదు. నాకోసం నేను చేసుకున్న పని చాన్నాళ్ళకి అదొక్కటే అని.

మా ఆయనకేమో లాఫ్ట్ పిచ్చి. ఇంట్లో నాలుగు రోజులు వాడని వస్తువేది కంటపడినా లాఫ్ట్ మీదకి ఎక్కించేస్తారు. నా కుట్టుమిషను అక్కడే ఉంది, ఎక్సర్‌సైజ్ సైకిలూ అక్కడే ఉంది. గిటార్ ఇంట్లోకి వచ్చిన రోజునే ఆయన తలెత్తి పైకి చూసి, “చోటుందిలే” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మాటా మాటా పెరిగింది.

“సరే భారతీ, కార్తీక వనభోజనాల్లో మన అపార్ట్‌మెంట్ వాళ్ళందరి ముందూ ఒక్క పాట వాయించు. వాయిస్తే ఈ జన్మలో దాని జోలికి రాను. లేదంటే లాఫ్టే!” అన్నారు.

“వాయిస్తాను, చూస్కోండి!” అన్నాను. నోరు జారడానికి ఎంతసేపు పడుతుంది!

ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని మొదలుపెట్టాను. తీగలన్నీ తుప్పు పట్టిపోయి ఉన్నాయి. వేళ్ళ చివర్లు కోసుకుపోయాయి. మీరంతా “బోర్డు మీద అక్షరాలు అలా వంకర పోతున్నాయేంటండీ” అని అడిగారు చూశారా, అప్పుడే. ఒకరోజు శ్రుతి చేస్తుంటే టప్‌మని తీగ తెగి నా చెంప మీద కొట్టింది. అత్తయ్యగారు సీరియల్లోంచి తల తిప్పకుండానే, “తెగిందా?” అన్నారు. ఆ గొంతులో కాస్త ఆశ వినపడింది నాకు.

కిశోర్‌కి ఫోన్ చేశాను. వాడు బండి మీద ఎక్కడికో పోతున్నాడు, చుట్టూ హారన్ల గోల.

“ఒరేయ్, తీగలు మార్చాలిరా. ఏవి కొనాలి?”

“స్ట్రింగ్సా? లైట్ తీసుకో అక్కా!”

అంతే. ఫోన్ కట్.

ఇప్పుడు మీరే చెప్పండి. ఆ మాట వింటే మనకేం అర్థమవుతుంది? పట్టించుకోవద్దు, వదిలెయ్ అనేగా! పైగా వాడికది ఊతపదం. ఇంటర్ ఫెయిలైనప్పుడు లైట్ తీసుకో అక్కా. ఉద్యోగం పోయినప్పుడు లైట్ తీసుకో అక్కా. నా పెళ్ళిలో షామియానా ఒక పక్కకి కూలి, మగపెళ్ళివాళ్ళు దాని కింద ఉన్నప్పుడు కూడా లైట్ తీసుకో అక్కా! అలాంటివాడు తీగల గురించి అదే మాట అంటే నేనేమనుకుంటాను? ఏవైనా ఒకటే, పెద్దగా ఆలోచించకు అన్నాడనుకున్నాను. ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో! నేను బుర్ర పెట్టక్కర్లేని పని లోకంలో ఒక్కటైనా దొరికిందని.

మర్నాడు స్కూలు నుంచి వెళ్తూ గవర్నర్‌పేటలో ఓ మ్యూజిక్ షాపులోకి దూరాను. ఓ చేతిలో లంచ్ బ్యాగు, ఇంకో చేతిలో ఆన్సర్ పేపర్ల కట్ట. కాళ్ళు పీకేస్తున్నాయి. కౌంటర్లో ఉన్న పెద్దాయన చాలా మర్యాదస్తుడు.

“గిటార్ తీగలు కావాలండీ.”

“ఏదమ్మా, నైనా, టెన్నా?”

“రెండిటికీ చెప్తానండీ. ఎక్కువగా టెన్త్‌కి” అన్నాను.

ఆయన ఓ క్షణం నా వంక చూసి, “క్లాసు కాదమ్మా, తీగ మందం” అన్నాడు.

నాకు సిగ్గేసింది. “ఏదైనా ఫర్వాలేదండీ. వేళ్ళు తెగిపోతున్నాయి. మెత్తగా ఉండేవి ఏవో ఇచ్చేయండి.”

“మెత్తగా అంటే నైలాన్ తీగలున్నాయమ్మా. మీది మామూలు గిటారేగా?”

అడిగాడండీ, పాపం! ఆయన తప్పు ఇసుమంత కూడా లేదు. ఎలక్ట్రిక్ అని ఒక్క ముక్క నేను చెప్తే అయిపోయేది. కానీ మనకో జబ్బు ఉందిగా! పట్టుచీర కట్టుకున్నప్పుడు ఎవరైనా బావుందంటే “ఏదో మామూలుదేనండీ” అంటాం. ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచి కూడా “ఏదో మామూలుదేనండీ” అంటాం. అలవాటులో పొరపాటు, “ఆఁ, మామూలుదేనండీ, ఏదో ఉంది” అనేశాను. పైగా వినయంగా ఓ నవ్వు కూడా నవ్వాను.

ఆ ప్యాకెట్ తెచ్చి, వీడియో చూసుకుంటూ బిగించేసరికి నా తల ప్రాణం తోక్కొచ్చింది. అవేమో గాలం దారంలా లావుగా ఉన్నాయి. గిటార్ మీద ఉన్న గాట్లలో సరిగ్గా కూర్చోవు. ఇటు శ్రుతి చేస్తే అటు సాగుతాయి. అయినా వేలు పెడితే, అబ్బ, వెన్నపూసే! ఇక నా ప్రాక్టీసు చూస్కోండి. ఈ కొత్త తీగలకి ఆంప్ మాత్రం ఒక్కరోజు కూడా పెట్టలేదు. ఎక్కడ పెడతాను? సాయంత్రం అత్తయ్యగారి సీరియళ్ళు, తర్వాత మా ఆయన వార్తలు. బాల్కనీలో కూర్చుని, చెవి గిటార్‌కి ఆనించి వాయించుకునేదాన్ని. నాకు బాగానే వినపడేది. పక్క ఫ్లాట్ వాళ్ళు కూడా ఏమీ అనలేదు. అంతకుముందు తుప్పు తీగలకి ఆంప్ పెట్టినప్పుడు తలుపు కొట్టినవాళ్ళే, ఇప్పుడు ఎదురొస్తే నవ్వుతున్నారు! ఎంత ఇంప్రూవ్ అయిపోయానో అని మురిసిపోయాను.

ఆదివారం రానే వచ్చింది. మంగళగిరి వైపు ఓ మామిడితోటలో వనభోజనాలు. ఉసిరిచెట్టుకి పూజ అయింది, పులిహోర, పనసపొట్టు కూర, అన్నీ అయ్యాయి. తంబోలా కూడా అయింది. “ఇప్పుడు భారతి గారి గిటార్!” అని మైకులో చెప్పారు. చప్పట్లు! మోటారు షెడ్డు నుంచి వైరు లాగి ఆంప్‌కి కరెంట్ ఇచ్చారు. మా ఆయన ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. నేను దేవుణ్ణి తలుచుకుని తీగ మీటాను.

ఏమీ లేదు.

మళ్ళీ మీటాను. ఊహూఁ.

ఇక చూడండి నా సామిరంగా! మగవాళ్ళందరూ లేచారు. భోజనాలయ్యాక నిద్రొస్తున్నవాళ్ళకి రిపేరు దొరికితే ఆగుతారా! మూడో ఫ్లోర్ రంగారావు గారని ఉన్నారు, కరెంట్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. జేబులో టెస్టర్ లేకుండా ఆయన గుడికి కూడా వెళ్ళరు. “ఫేజ్ పోయిందమ్మా!” అని తేల్చేశారు. పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది మరి! అయినా మోటారు షెడ్డులోకి వెళ్ళి ఏదో నొక్కారు. నా గిటార్ మోగలేదు గానీ మోటారు స్టార్టయింది! కుర్చీల వెనకాల పైపులోంచి నీళ్ళు ఒక్క ఉదుటున వచ్చాయి. తంబోలా టికెట్లు, చెప్పులు, అత్తయ్యగారి చేతిసంచీ అన్నీ తోటలోకి కొట్టుకుపోయాయి. మోటారు ఆపేసరికి సగం మంది చీరలు మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.

“వాల్యూమ్ ఫుల్లు పెట్టమ్మా!” అని అరిచారు రంగారావు గారు. పెట్టాను. గుర్ర్‌మంది. అప్పుడు ఆ పెట్టెలోంచి ఓ మగ గొంతు, స్పష్టంగా:

“...ఈ దశలో వరిలో దోమపోటు కనిపించినట్లయితే రైతు సోదరులు పొలంలో నీటిని తీసివేసి, ఆరబెట్టాలి...”

రేడియో! గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య ఉన్న పాత వైరు ఏరియల్‌లా పనిచేసి, దగ్గర్లోని రేడియో స్టేషన్ని పట్టుకుందిట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నేను గిటార్ పట్టుకుని, వేళ్ళు తీగల మీద పెట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడ్డాను. చూసేవాళ్ళకి నేనే వాయిస్తున్నట్టు ఉంది. ఆపేద్దామని చెయ్యి పెట్టబోతే రంగారావు గారు, “ఆగమ్మా ఆగు, మాకు ఉయ్యూరు దగ్గర ఎకరం ఉంది, మందు పేరు విననీ!” అన్నారు. మందు పేరు, ఎంత మోతాదో, అంతా విన్నాకే ఆపనిచ్చారు. చివర్లో చప్పట్లు కొట్టారండీ! నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

పక్కకెళ్ళి కిశోర్‌కి వీడియో కాల్ చేశాను. పక్కకెళ్ళానన్న మాటే గానీ, అందరూ నా వెనకే వచ్చారు.

“కెమెరా తీగల దగ్గర పెట్టు” అన్నాడు వాడు. పెట్టాను. “అక్కా! అవి నైలాన్ తీగలు!”

“మెత్తగా ఉంటాయని తీసుకున్నానురా...”

“ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉండేది అయస్కాంతం అక్కా. దాని ముందు ఉక్కు తీగ కదిలితేనే సౌండ్. నైలాన్ తీగ కదిలినా ఒకటే, ఊరుకున్నా ఒకటే. నీకు లైట్ తీసుకోమని చెప్పాను కదా!”

“తీసుకున్నాగా! అంత లైట్ తీసుకోబట్టే ఇలా ఏడ్చింది!”

“అయ్యో రామా! లైట్ అంటే సన్న తీగలక్కా! లైట్, రెగ్యులర్, హెవీ అని ప్యాకెట్ మీదే రాసుంటుంది!”

“పుట్టి బుద్ధెరిగాక ఆ మాటని ఒక్కసారి దాని అసలు అర్థంలో వాడావు, ఆ సంగతి ముందు చెప్పి చావచ్చుగా!” అని అరిచాను.

వాడు, “అవును గానీ అక్కా, నువ్వు చెప్పేది ఫిజిక్సే కదూ?” అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. అదే వారం ఆరో తరగతికి అయస్కాంత పదార్థాలు, అనయస్కాంత పదార్థాలు చెప్పాను. గుండుసూదిని ఆకర్షిస్తుంది, ప్లాస్టిక్ స్కేలుని ఆకర్షించదు. తప్పు రాసిన పిల్లలకి ఇంపొజిషన్ కూడా ఇచ్చాను. పాపం తగిలిందండీ!

మా ఆయన లేచి, తడిసిన ప్యాంటు దులుపుకుంటూ, “సరే మరి, ఇంటికెళ్ళాక నిచ్చెన తీస్తాను” అన్నారు. మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. ఈ గిటార్ కూడా పైకెక్కితే ఇక ఇంటికెళ్ళి నేను చూసుకోవాల్సింది గిన్నెలే. ఆ బాల్కనీలో కూర్చున్న కాసేపు ఉండదు. పోనీ దెబ్బలాడదామా అంటే ఓపిక లేదు. ఊరికే వెళ్ళి కుర్చీలో కూర్చుని, ఆంప్ వైరు పీకి పారేసి, నేర్చుకున్న పాట మొదటినుంచీ చివరిదాకా వాయించాను. తప్పుల్లేకుండా! ఒక్కళ్ళకి వినపడితే ఒట్టు. కాకులు అరుస్తున్నాయి, వంటవాళ్ళు గిన్నెలు తోముతున్నారు. అత్తయ్యగారు మాత్రం తాళం వేశారు. అది నా పాటకి కాదని ఇంటికొచ్చాక తెలిసింది. ఆవిడ దోమలు కొట్టుకుంటున్నారు.

“వాయించాను” అన్నాను మా ఆయనతో. “మీరు వాయించమన్నారు. వినపడాలని అన్లేదు.”

ఆయన రంగారావు గారి వంక చూశారు. రంగారావు గారు టెస్టర్ జేబులో పెట్టుకుంటూ, “పాయింటేనండీ. అమ్మాయి వాయించింది, మేమందరం చూశాం” అన్నారు. మా ఆయన, “సరే, జోలికి రాను” అన్నారు. గెలిచానండీ! పరువు తోటలోనే వదిలేసి వచ్చాను గానీ గిటార్ మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

సరైన తీగలు, అవే లైట్‌వి, బస్సులో పంపిస్తానన్నాడు కిశోర్. ఆ మాట ఇంట్లో అన్నాను. నిన్న సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూ ఓ కవరు తెచ్చి నా చేతిలో పెట్టారు. విప్పి చూద్దును కదా, అచ్చం అవే నైలాన్ తీగలు! స్పేర్‌గా ఇంకో సెట్టు కూడా. షాపాయన “ఎలక్ట్రిక్ గిటార్‌కి ఇవి పనికిరావు సార్, అస్సలు వినపడదు” అని ఎంతో చెప్పాట్ట. ఈయన, “నాకు తెలుసండీ, అందుకే ఇవ్వమంటున్నాను” అన్నార్ట.

మా ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన నేను అడక్కుండా, తనంతట తాను షాపుకెళ్ళి, నాకోసమని సైజు తప్పకుండా తెచ్చిన మొట్టమొదటి గిఫ్ట్ అది. నేనేమో, సిగ్గులేనిదాన్ని, మురిసిపోయి థాంక్స్ చెప్పాను.