పద్దెనిమిది వోల్టుల పెట్టె

మొన్న పొద్దున కాలేజీలో ల్యాబ్ తాళం తీస్తుంటే మా అటెండరు చెప్పాడు: "మేడం, వైండింగ్ సాయిబు గారు పోయారంట." ఎవరు చెప్పారని అడిగాను. ఎప్పుడని అడిగాను. మొన్నామధ్యే కొట్టు ముందు కూర్చుని ఉండగా చూశానే అన్నాను. చావు కబురుకు కూడా సాక్ష్యం అడుగుతున్నానని అటెండరు మొహం చూశాక తెలిసింది.

ఆయన నాకు బాబాయి. చుట్టరికం లేదు. నరసరావుపేటలో మా ఇంటికి మూడిళ్ళ అవతల వాళ్ళిల్లు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కాలిపోయిన మోటార్లు ట్రాక్టర్ల మీద ఆయన కొట్టుకు వచ్చేవి. రాగితీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చేసి పంపేవారు. వీధిలో నన్ను "అమ్మాయ్" అనేవారు, కాలేజీలో "మేడం" అనేవారు.

నాలాగే ఆయనా దేన్నీ తేలిగ్గా నమ్మేవారు కాదు. అప్పుడే పొట్లం విప్పిన డయోడును కూడా బ్యాటరీ, చిన్న బల్బు పెట్టి చూసేవారు. "కొత్తదైతే మాత్రం? నమ్మమాక," అనేవారు. మీటరు ముల్లు నిలబడ్డాక అద్దం మీద గోటితో రెండుసార్లు కొట్టేవారు. "ముల్లు బద్ధకిస్తది అమ్మాయ్, లేపి అడగాల."

నాలుగేళ్ళ కిందట మా ఫిజిక్సు ల్యాబుకు ఆరు పవర్ సప్లై పెట్టెలు కావలసి వచ్చాయి. ఈ చదువు లేనివారి కోసం రెండు మాటలు. గోడలో ఉండే కరెంటు ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తగ్గిస్తుంది. రెండు డయోడ్లు ఆ ఊపులు రెండింటినీ ఒకే దిక్కుకు తిప్పుతాయి. కెపాసిటరు మధ్యలోని గుంటలు పూడుస్తుంది. చివర ఉండే రెగ్యులేటరు పన్నెండు వోల్టుల దగ్గర పట్టి నిలబెడుతుంది. బొమ్మ నేనే గీసిచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్లు బాబాయి చుట్టారు.

తెచ్చిన రోజు పిల్లల ముందే ఒక పెట్టె విప్పి కొలిచాను. ట్రాన్స్‌ఫార్మరు నుంచి పదిహేను వోల్టులు రావాల్సిన చోట పద్దెనిమిది వస్తోంది. రెగ్యులేటరుకు నేను చెప్పినదానికి రెట్టింపు అల్యూమినియం రేకు బిగించి ఉంది.

"ఇవి ఇంకెవరికో చుట్టినవి కదా బాబాయ్? మిగిలిపోతే మాకు అంటగట్టారా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"లేదు మేడం. పుస్తకంలో కరెంటు రెండొందల ముప్ఫై. మోటార్లు ఆడే వేళ మనూళ్ళో నూటఅరవై కూడా ఉండదు. అందుకని ఎక్కువ చుట్టా. వేడెక్కుద్దని రేకు పెద్దది పెట్టా. మీ పుస్తకం రాసినాయన పేట వైపు వచ్చుండడు."

పిల్లలు ఈసారి గట్టిగానే నవ్వారు. నాకది దొరికిపోయినవాళ్ళు చెప్పే మాటలా వినిపించింది. "బొమ్మలో ఉన్నట్టే కావాలి," అన్నాను.

వారం తిరక్కుండా తిరగచుట్టి తెచ్చారు. "మధ్యాహ్నం మూడింటికి టెస్టు చెయ్యండి మేడం," అని ఒక్క మాట అన్నారు. మూడింటికే ఎందుకు? అందులోనూ ఏదో మతలబు ఉందనుకుని పొద్దున పదింటికే చూశాను. లోడు పెట్టినా తీసినా ముల్లు పన్నెండు మీదే ఉంది. అన్నీ ఒకటే కదా అని లోపలి వోల్టులు రెండు పెట్టెల్లోనే కొలిచి సంతకం పెట్టాను.

మార్చిలో ప్రాక్టికల్ పరీక్ష మధ్యాహ్నం పడింది. మిరపకు ఆఖరి తడులు పెడుతున్న రోజులు. మూడు దాటగానే పొలాల్లో మోటార్లన్నీ అందుకున్నాయి, ట్యూబ్‌లైట్లు రెపరెపలాడాయి, ఫ్యాన్లు నెమ్మదించాయి. పన్నెండు మీద ఉండాల్సిన ముళ్ళు పదకొండుకు జారాయి. ఆసిలోస్కోపు తెర మీద తిన్నగా ఉండాల్సిన గీత అలలు అలలుగా లేచింది. శావల్యాపురం నుంచి బస్సులో వచ్చే పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "మేడం, కనెక్షన్లు మూడుసార్లు చూసుకున్నా. నేనేం తప్పు చేశా?"

ఆరో బల్ల మీద పెట్టె ఒక్కటే కదలలేదు. మీటరు పెట్టి చూస్తే దాని లోపల మిగతావాటికంటే వోల్టులు ఎక్కువున్నాయి. అది బాబాయి తిరగచుట్టని పెట్టె. పిల్లలందరూ వంతులేసుకుని దాని మీదే పరీక్ష పూర్తి చేశారు.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు మిగతా అయిదింటినీ చూపించి, "చుట్టినవాడు మోసం చేశాడండీ," అన్నారు. కాదు, నేనే చుట్టించానని అనాలి. అనలేదు. రిపోర్టులో "నాసిరకం వైండింగ్" అని ఆయన రాశారు, కింద నేను సంతకం పెట్టాను.

ఆ తర్వాత కాలేజీ బాబాయిని పిలవలేదు. ఒకరోజు కొట్టు ముందు నుంచి వస్తుంటే ఆయనే అడిగారు.

"కాలేజీవాళ్ళు ఈమధ్య కబురంపడం లేదు మేడం. పెట్టెలు బాగుండాయా?"

"బాగున్నాయి బాబాయ్. ఆ ఒక్కటి తిరగచుట్టలేదేం?"

"మర్చిపోయుంటా మేడం," అన్నారు తల ఎత్తకుండా, తీగ చుట్టుకుంటూ.

కొత్త డయోడును కూడా నమ్మని మనిషి మర్చిపోయారంటే నాకు ఈనాటికీ నమ్మకం కుదరదు. పోనీ, నా పరువు కాపాడడానికే ఉంచారనుకుందామా అంటే అదీ నాకు అనుకూలంగా అల్లుకున్న కథేమోనని అనుమానం. ఒక్కటి మాత్రం ఖాయం. ఆయన వీధిలో కూడా నన్ను మేడం అనడం మొదలుపెట్టి అప్పటికే చాలా రోజులైంది. పిల్లల ముందు అంటగట్టారా అని అడిగిననాటి నుంచి నేను మళ్ళీ "అమ్మాయ్" అన్న పిలుపు వినలేదు.

జరిగిందంతా నిన్న కాగితం మీద పెట్టి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను. "ఇప్పుడెందుకమ్మా ఇది?" అన్నారాయన. తీసుకోండి, ఆ రిపోర్టుతో పాటు ఫైల్లో పెట్టండి అన్నాను. బాబాయి బతికుండగా ఇవ్వాల్సిన కాగితం అది.

అక్కణ్ణించి ల్యాబుకు వెళ్ళాను. ఎవరూ లేరు. ఆరో పెట్టెకు లోడు కలిపి మూడింటి దాకా కూర్చున్నాను. మోటార్లు అందుకున్నట్టున్నాయి, ట్యూబ్‌లైటు రెపరెపలాడింది. పైన ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడసాగాయి. ముల్లు పన్నెండు మీద ఉంది. అద్దం మీద గోటితో రెండుసార్లు కొట్టి చూశాను. కదల్లేదు.