నల్ల వెల్వెట్ మీద తడిబట్ట

అది మా అక్క వేసిన బొమ్మ. నల్ల వెల్వెట్ గుడ్డ మీద నీళ్ళు తాగుతున్న రెండు జింకలు. నాన్న రైల్వేలో చేసే రోజుల్లో, మేం మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఉండగా, క్లాసుకు వెళ్ళి నేర్చుకుని వేసింది. అద్దం వేస్తే వెల్వెట్ నిగనిగ కనపడదని ఉత్త ఫ్రేమే కట్టించింది. మరుసటి ఏడాది టైఫాయిడ్‌తో పోయింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అమ్మ తలస్నానం చేసి, తడిబట్టతో ఆ బొమ్మను తుడిచేది. తార్నాకకు మారాక కూడా మానలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. ఒకరోజు చూస్తే జింకల చుట్టూ తెల్లటి మరకలు. మా బైండింగ్ సెక్షన్‌లో ఒక పెద్దాయన పాత పుస్తకాలతో పాటు పటాలు కూడా బాగుచేసేవాడు. ఆయనకు చూపిద్దామని దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళాను. గేటు దగ్గర పోలీసులు ఆపి విప్పించారు. "మా ఇంట్ల గూడ ఉండె గిసుంటిది," అని నవ్వి ఒక కానిస్టేబుల్ పంపించాడు.

పెద్దాయన బొమ్మను కిటికీ దగ్గర పడుకోబెట్టి, పక్క నుంచి వంగి చాలాసేపు చూశాడు.

"కార్బన్ పేపర్ పెట్టి దించిన డిజైన్ మేడం. బజార్ల దీనికి రేటు రాదు. కానీ చెయ్యి మంచిగున్నది. ఈ మెడ మీద రంగు ఎంత పల్చగ అద్దిందో చూడు," అన్నాడు. తర్వాత గోటితో గుడ్డను మెల్లగా కదిపి అడిగాడు. "తడిబట్టతోని తుడుస్తున్నరా?"

"మా అమ్మ తుడుస్తుంది, అన్నా. ప్రతి శుక్రవారం."

"వెల్వెట్ నూగంత అణిగిపోయింది. ఇగ లేవదు. ఇవి నీళ్ళ మరకలే. అమ్మకు చెప్పకు మేడం. బట్టకు తగలకుండ నడుమ చెక్కపట్టీ పెట్టి అద్దం బిగిస్త. ఎండ పడని గోడకు పెట్టుకోండ్రి."

గడ్డం గీసుకునే మెత్తటి బ్రష్ పొడిదే తీసుకుని దుమ్మంతా ఒకే వైపుకు దువ్వాడు. నాలుగు రోజుల్లో అద్దం వేసి ఇచ్చాడు.

అమ్మకు ఆ అద్దం నచ్చలేదు. "ముట్టుకోవడానికి లేకుండా చేశావేంటే? తీయించు," అని రోజూ పోరు పెట్టింది. ఆ శుక్రవారం క్యాంపస్‌లో బాష్పవాయువు వదిలారు. బస్సుల్లేవు. మంటెత్తే కళ్ళతో నడుచుకుంటూ ఇంటికొచ్చాను. గుమ్మంలోనే అమ్మ మళ్ళీ అద్దం మాటెత్తింది.

"ముట్టుకునే పాడు చేశావు! ఇన్నేళ్ళూ తడిబట్టతో రుద్ది రుద్ది నువ్వే చంపావు దాన్ని," అనేశాను.

అమ్మ చేతిలో ఉన్న బట్టను ఉతికి, పిండి, తీగ మీద ఆరేసింది. ఆ తర్వాత బొమ్మ ఉన్న గదిలో కూర్చోవడం మానేసింది.

జరిగింది పెద్దాయనకు చెప్పాను. "చెప్పొద్దంటి గద మేడం," అన్నాడు. రెండు రోజుల తర్వాత బంద్ నాడు క్యాంపస్ నుంచి నడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు. ఆ రోజుల్లో అమ్మ తన గుంటూరు యాస బయటపడుతుందని కూరగాయల బండి దగ్గర కూడా వేలితోనే చూపించేది. ఆయనకు మాత్రం కుర్చీ వేసి టీ ఇచ్చింది.

"అమ్మా, మీ బిడ్డ బొమ్మ నీళ్ళతోని ఖరాబు కాలే. గా రంగులు పాతగైనయ్, గంతే," అన్నాడు.

అబద్ధమని అమ్మకు తెలిసిపోయింది. "పోనీలే బాబూ. దానికి జ్వరం వచ్చినప్పుడు పదకొండు రోజులు నుదుటి మీద తడిబట్టే వేశాను. నాకు అదొక్కటే తెలుసు," అంది.

ఆయన తల దించుకుని టీ తాగాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రాష్ట్రం వచ్చిన ఏడాదే అమ్మ పోయింది. ఈలోగా క్షమించమని అడగడానికి నాకు ఎన్నో సందర్భాలు వచ్చాయి. పక్కపక్కన కూర్చుని బియ్యం ఏరుకున్నాం, ఆస్పత్రి బెంచీల మీద గంటలు గడిపాం. నేను అడగలేదు.