సార్ చెప్పలేకపోయిన నాలుగేళ్లు

ఖమ్మంలో నేను పనిచేసిన కంప్యూటర్ ఆఫీసంటే ఒక మందుల షాపు పైన రెండు గదులు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ఆఫీసు యజమాని సార్, నేను, డేటా ఎంట్రీ చేసే ఇద్దరమ్మాయిలు, అంతే. భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఒక మిషన్ దవాఖానాకు రోగుల పేర్లు, మందుల స్టాకు చూసుకునే ప్రోగ్రాం మొత్తం నేనే రాశాను. అది మొరాయిస్తే పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సరిచేసి వచ్చేదాన్ని. కోయ పేర్లను ఒక్కో నర్సు ఒక్కో రకంగా ఇంగ్లీషులో కొట్టేది. ఒకే మనిషికి మూడు కార్డులు తయారయ్యేవి. ఆ చిక్కు విప్పడానికి నాకు ఒక ఎండాకాలమంతా పట్టింది.

అలా నాలుగేళ్లు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ అడగాలని నాకు తోచలేదు, ఇవ్వాలని సార్‌కూ తోచలేదు. జీతం కవర్లో పెట్టి చేతికిచ్చేవారు. తర్వాత పనులన్నీ హైదరాబాద్ కంపెనీలకు పోయి ఆఫీసు మూతపడింది. సార్ దమ్మపేట దగ్గర తన పామాయిల్ తోటకు వెళ్లిపోయారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కున్నాను.

ఆస్ట్రేలియాలో స్థిరపడే వీసాకు దరఖాస్తు పెడదామనుకున్నప్పుడు ఆ నాలుగేళ్లతో పని పడింది. హైదరాబాద్ అనుభవం ఒక్కటే చాలదట. పాత యజమాని లెటర్‌హెడ్ మీద ఏమేం పని చేశానో రాసి సంతకం పెట్టాలి, అక్కడివాళ్లు ఫోన్ చేస్తే అవునని చెప్పాలి.

దమ్మపేటలో బస్సు దిగి, షేర్ ఆటోలో తోట దాకా వెళ్లాను. వరండాలో మంచం మీద సార్ పడుకుని ఉన్నారు. నన్ను చూడగానే ముఖంలో ఒక పక్క మాత్రమే నవ్వింది.

"పక్షవాతం వచ్చింది బిడ్డా," అంది వాళ్లావిడ. "కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. మనం చెప్పేదంతా సమజైతది గానీ తిరిగి చెప్పలేడు."

వచ్చిన పని ఆమే అడిగి చెప్పించుకుంది. విని లోపలికెళ్లి, అట్టపెట్టెలో మిగిలిన లెటర్‌హెడ్ కాగితాలు తెచ్చింది.

"ఏం రాయాల్నో నువ్వే రాయి. ఎడమ చేతి వేలిముద్ర పెడతడు. నేను సాక్షి సంతకం చేస్త."

నేను ఇంగ్లీషులో రాసి, సార్‌కు తెలుగులో చదివి వినిపించాను. ఒకచోట ఆయన తల అడ్డంగా ఊపారు. మళ్లీ చదివాను. మళ్లీ ఊపారు. 'యజమాని పర్యవేక్షణలో ప్రోగ్రాం తయారుచేశారు' అన్న వాక్యం అది. ఎడమ చేతి వేలు నా వైపు చూపించి, చాలాసేపు పెనుగులాడి, "ను... నువ్వే" అన్నారు. మెడ నరాలు పొంగాయి.

"తను చెయ్యలేదంటున్నడు. నువ్వే చేసినవని రాయమంటున్నడు," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

అలాగే మార్చి రాశాను. సత్తుపల్లిలో నోటరీ చేయించి పంపాను. ఆయన జబ్బు సంగతి, ఫోన్ చేస్తే భార్య మాట్లాడుతుందన్న సంగతి వేరే కాగితం మీద రాసి జతచేశాను.

కొన్ని నెలలకు మెయిల్లో జవాబు వచ్చింది. ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశామని, ఎత్తిన వ్యక్తి ఉద్యోగాన్ని ధ్రువీకరించలేదని, ఆ నాలుగేళ్లను లెక్కలోకి తీసుకోవడం లేదని.

నెట్ సెంటర్ నుంచి బయటికొచ్చి దమ్మపేటకు ఫోన్ చేశాను. ఆవిడకు ఏ ఫోన్ గురించీ తెలియదు.

"నేనెత్తలేదే. ఎప్పుడు చేసిన్రంట?" అంది. మెయిల్లో ఉన్న తేదీ చెప్పాను. ఆవిడ గొంతు మారిపోయింది. "అయ్యో బిడ్డా. ఒకరోజు నేను తోటల గెలలు కోయిస్తున్న. వచ్చేసరికి ఈయన మంచం కింద పడున్నడు. ఫోన్ వేలాడుతున్నది. గోడ పట్టుకొని పోయి ఎత్తిండేమో. ఏంది, ఎవరు చేసిన్రు అంటే ఒకటే ఏడుపు. నొప్పికి ఏడుస్తున్నడనుకున్న."

వాళ్లు అడిగింది ఆయనకు అర్థమై ఉంటుంది. నా పేరు విని ఉంటారు. జవాబూ తెలుసు.

అప్పీలు చేశాను. డేటా ఎంట్రీ అమ్మాయిల్లో ఒకామె అఫిడవిట్ రాసిచ్చింది. పై ఉద్యోగి కాదు కాబట్టి చెల్లదన్నారు. దవాఖానాకు వెళ్తే పాత కంప్యూటర్ తీసేసి కొత్త ప్రోగ్రాం పెట్టుకున్నారు, నన్నెరిగిన సిస్టర్ బదిలీ అయి వెళ్లిపోయింది. ఇంకో ఏడాదికి, వీసా కోసం వయసును బట్టి ఇచ్చే పాయింట్లు కూడా తగ్గాయి. అక్కడితో ఆపేశాను.

ఆ తర్వాత ఒకసారి దమ్మపేట వెళ్లాను. సార్ నన్ను చూసి గోడ వైపు తిరిగారు. మంచం పక్కన కూర్చుని, "మీ తప్పేం లేదు సార్," అన్నాను. ఆయన భుజం కదులుతూనే ఉంది. ఫోన్ మోగితే ఇప్పుడు దుప్పటి ముఖం మీదికి లాక్కుంటున్నారట. ఆవిడ అన్నం పెట్టింది. తిన్నాను. మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చేశాను.