నా మనసులో మాట ఏడో తరగతి గొంతులో

సూరత్ నవాగామ్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మీడియం ఏడో తరగతికి కొత్త టీచర్‌గా చేరాను. పిల్లలంతా తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే వాళ్ల బిడ్డలే. మొదటి రోజు నుంచీ ఒకటి నన్ను భయపెట్టేది. వాళ్లు నా కళ్లలోకి కాదు, రెప్ప వేయకుండా నా నోటి వంక చూసేవారు. పళ్లలో ఏమైనా ఇరుక్కుందేమోనని రోజూ అద్దం చూసుకునేవాణ్ణి.

మార్కులు తక్కువ, పిల్లలూ తగ్గుతున్నారు. తెలుగు తరగతిని ఉంచాలా ఎత్తేయాలా తేల్చడానికి ఒకరోజు తెలుగు రాని గుజరాతీ అధికారి వచ్చాడు.

"వాన ఎలా పడుతుంది? మీ భాషలోనే చెప్పండి" అని హిందీలో అడిగాడు.

పిల్లలంతా నా నోటి వంకే చూశారు. అంతలో కరెంటు పోయి పక్క షెడ్డులో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. అధికారి వెనక నిలబడ్డ నా పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి.

ఆ నిశ్శబ్దంలో క్లాసంతా నన్నే చూస్తూ ఒకే గొంతుతో అంది: "సచ్చినం దేవుడా, ఇగ ఇంటికే పోవుడు!"

నేను లోలోపల అనుకున్నది అక్షరం పొల్లుపోకుండా అదే.

అధికారి మాత్రం "సరస్! బహుత్ అచ్ఛా!" అని మెచ్చుకుని, తరగతిని ఉంచుతామని చెప్పి వెళ్లిపోయాడు.

"నా మనసుల మాట మీకెట్ల తెలిసిందే?" అని ముందు బెంచీలోని లావణ్యను అడిగాను.

"సాంచాల చప్పుడుల ఏమినబడ్తది సార్? మా ఇండ్లల్ల అందరం పెదవులు జూసే మాట్లాడుకుంటం. మీరు జవాబు అందిస్తున్నరనుకున్నం. గానీ సార్, వాన పడితే ఇంటికెందుకు పోవుడు?"

ఆ తరగతి ఇప్పటికీ నడుస్తోంది. హెడ్మాస్టర్‌ని తిట్టుకోవాలనిపిస్తే మాత్రం, నేను బోర్డు వైపు తిరిగి తిట్టుకుంటున్నాను.