మిద్దె మీది జనాభా

మనుషుల్ని లెక్కపెట్టడమంత సులువైన పని ఇంకోటి లేదని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. రాష్ట్రం విడిపోయిన కొత్త. తొండూరు పక్కన మా పల్లె నుంచి వచ్చి ప్రొద్దుటూరులో టీచరుగా చేరి ఇంకా ఏడాది కాలేదు. మా పల్లెలో ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో పొయ్యి మీద సంగటి కుండ చూసి చెప్పేవాళ్ళం. ఆ ధైర్యంతోనే, ఇంటింటి సర్వేకి మనుషులు కావాలని మా బడికి కబురొచ్చినప్పుడు, తక్కిన టీచర్లంతా తలలు దించుకుని నోటు పుస్తకాలు దిద్దుకుంటుంటే నేనొక్కదాన్నే చెయ్యెత్తాను. (చెయ్యెత్తే అలవాటు పిల్లలకే అందమనీ, టీచర్లకు ప్రమాదమనీ తర్వాత తెలిసింది.)

మా మీద అధికారిగా వేసిన పెద్దాయనకు 'కొట్టివేతల సారు' అని పేరు. ఆయన చేతికి వెళ్ళిన ఏ కాగితమూ ఎర్రగీత పడకుండా తిరిగి రాలేదు. జమ్మలమడుగు రోడ్డులో ఊరి చివరి కాలనీ నాకిచ్చి, చేత్తో గీసిన పటమొకటి ముందు పెట్టారు. దాని ప్రకారం అక్కడ ఉన్నవి మూడు వీధులు, ఒక బోరింగు. మిగతాదంతా చెనిక్కాయ చేను. "ఒకటో తేదీ పొద్దున్నకు ఆ ఇంట్లో ఎవురుంటే వాళ్ళే లెక్క. ఆ తర్వాత వచ్చినోళ్ళు వద్దు. ఒక్క పేరు తప్పొచ్చినా ఫారాలన్నీ మళ్ళా రాపిస్తా" అన్నారు.

వెళ్ళి చూస్తే చేను లేదు. చేనుండాల్సిన చోట రేకుల ఇళ్ళు, వాటి వెనక మిద్దెలు, వాటి వెనక సగం లేచిన గోడలు, ఆ సగం గోడల మధ్యనే కాపురాలు. మూడు వీధుల్లో ఒక్కోటీ సందులుగా చీలి, ఆ సందులు మళ్ళీ చీలి, చివరికి నేను ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికే వచ్చి పడ్డాను. ఒక గుమ్మంలో మగ్గం ఆడుతోంది. ఆ నేతగాళ్ళది జమ్మలమడుగు. పక్క గుమ్మంలో మైలవరం డ్యాము చేపలు గంపకెత్తుకుంటున్న ఆమె. ఎదురుగా, బోర్లు ఎండిపోయి సింహాద్రిపురం వైపు నుంచి వచ్చేసిన రైతు, ఇప్పుడు ఆటో తుడుచుకుంటున్నాడు. ఆ పక్కన మిషన్ బడిలో చదువు చెప్పి రిటైరైన ముసలి క్రైస్తవ దంపతులు. మా పల్లెలో ఏడాదికేడాది ఇళ్ళకు తాళాలు పడడమే చూసినదాన్ని. ఆ తాళాల వెనక మనుషులంతా ఇక్కడికే వచ్చి చేరారా అనిపించి, ఫారం పట్టుకుని నడివీధిలో అట్లాగే నిలబడిపోయాను.

లెక్క ఎక్కువొస్తే కాలనీకి బడి ఇస్తారని పుకారు పుట్టింది. దాంతో కొందరు ఉదారంగా పేర్లు చెప్పసాగారు. ఒకాయన తన పిల్లల పేర్ల వరసలో 'గౌరి' అని చెబితే ఎంచక్కా రాసేసి, "యాడుంది, పిలవండి" అన్నాను. "దాని పాలు పిండుతాండారు మేడం, రవంత ఉండండి" అన్నాడాయన. (కొట్టివేతల సారుకు ఆ పని లేకుండా గౌరిని నేనే కొట్టేశాను.)

దీనికి సరిగ్గా వ్యతిరేకం, వీధి చివరి మిద్దె. ఆ ఇంటి ముసలామె, వీధంతటికీ జేజి, చేతిలో చాట, గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది.

"జేజీ, ఇంట్లో ఎంతమంది ఉండారు?"

"ఇంగెవురుండారు పాపా. నేను, మా ముసిలాయన. ఇద్దరమే."

ఆమె వెనక వసారాలో చెప్పుల గుట్ట. మగవాళ్ళవి, ఆడవాళ్ళవి, అరచేయంత పిల్లలవి. లెక్కపెట్టడానికి ప్రయత్నించి ముప్పై దాటాక వదిలేశాను.

"మరి ఈ చెప్పులు?"

"మా ముసిలాయనవి" అంది జేజి, రెప్ప వేయకుండా. "ఆయప్పకు చెప్పులంటే శానా ఇష్టం."

నాకు పట్టుదల వచ్చింది. రెండోరోజు వెళ్ళాను, మూడోరోజూ వెళ్ళాను. అదే చాట, అదే జవాబు. బాడుగోళ్ళను రాయిస్తే ఇంటి పన్ను పెంచుతారని ఆమెకెవరో చెప్పారు. "బిడ్డలు ఎక్కువుంటే బడొస్తది జేజీ" అని బతిమాలినా, "మా ఇంట్లో బడికి పోయే వయసు ముసిలాయనకు దాటిపోయింది" అని తేల్చేసింది.

ఇంక లాభం లేదని మూడోరోజు వెనుదిరుగుతుంటే మిద్దె మీద నుంచి ఒక కేక వినిపించింది. ఆడమనిషి కేక. జేజి చేతిలో చాట జారిపోయింది. ఇద్దరమూ మెట్ల మీదకు పరుగెత్తాం.

పైకెళ్ళి నేను చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. టార్పాలిన్ పట్టా కింద, ఆరేసిన చీరల చాటున, ఒకళ్ళనొకళ్ళు ఒరుసుకుని కూర్చున్న మనుషులు. చంటిపిల్లల నోళ్ళకు చేతులు అడ్డుపెట్టిన తల్లులు. సగం తిన్న పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన. కొలత టేపు మెడలో వేసుకున్న పులివెందుల దర్జీ, అతని భార్య. నేను వీధి మలుపులో కనబడగానే రోజూ వీళ్ళంతా పైకెక్కి ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారన్నమాట! నన్ను చూసి అందరూ తప్పు చేసిన పిల్లల్లా లేచి నిలబడ్డారు. ఒకతను నమస్కారం కూడా పెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వాళ్ళ మధ్యలో, గోడకానుకుని, ఒడిశా నుంచి వచ్చిన మేస్త్రీ భార్య నొప్పులు పడుతోంది. భర్త పనికి పోయాడు. ఆమెకు తెలుగు నాలుగు మాటలే వచ్చు, అవీ ఆ ఘడియలో మరచిపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేశాను. వీధి పేరు అడిగారు. మూడు రోజులుగా వీధులు తిరిగినదాన్ని, ఒక్క పేరు నోటికి రాలేదు. కేక విని వచ్చిన ఆటో రైతు రోడ్డు మీదకు పరుగెత్తి దారి చూపించడానికి నిలబడ్డాడు. ఈలోపల జేజి కొంగు బిగించి, దర్జీ భార్యను కేకేసింది. "ఖాలా, నీళ్ళు కాంచు! మొగోళ్ళందరూ కిందికి దిగండి! పాపా, నిలబడి ఏం చూస్తాండావు, ఆ కాగితాలతో ఇసురు!"

సర్వే ఫారాలతో విసిరాను. నా జీవితంలో ప్రభుత్వ కాగితాలను అంత శ్రద్ధగా వాడింది ఎప్పుడూ లేదు. అంబులెన్సు హారన్ వినిపించేసరికి, జేజి చేతుల్లో ఆడబిడ్డ కేరుమంది. కింద నిలబడ్డ వాళ్ళంతా ఒక్కసారిగా అరిచారు. ఏ భాషలో ఎవరు అరిచారో చెప్పలేను గానీ సంతోషం మాత్రం అర్థమైంది.

తల్లీబిడ్డలు ఆసుపత్రికి వెళ్ళాక జేజి కింద పడిన చాట తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆ పిల్ల పుట్టిన చోటు ఏదని రాస్తారు పాపా?"

"ఈ ఇంటి నంబరే జేజీ. కానీ ఈ ఇంట్లో ఉండేది మీరిద్దరేనంటివి కదా."

జేజి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎక్కువ మాట్లాడొద్దు. కూచో. అందర్నీ రాసుకో."

ఒక్కొక్కరే వచ్చి పేరు చెప్పారు. పేరు చెబుతూ తలపాగా సర్దుకున్నవాళ్ళు, జుట్టు దువ్వుకుని వచ్చినవాళ్ళు ఉన్నారు, ఫోటో తీస్తున్నట్టు. చివరి గడిలో 'పాప, వయసు సున్నా' అని రాశాను.

మర్నాడు కొట్టివేతల సారు నేరుగా ఆ సున్నా మీదే వేలు పెట్టారు. "ఒకటో తేదీకి ఈ మనిషి యాడుంది?"

"కడుపులో ఉండింది సార్."

"అయితే కొట్టేయాల."

ఆ రోజు దాకా ఆయన ముందు గొంతెత్తనిదాన్ని, "నా ముందర పుట్టిన బిడ్డను లేదని ఎట్ల కొట్టేసేది సార్? ఈ ఫారాలతోనే ఇసిరినా!" అన్నాను. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ఆయన ఫారాన్ని దగ్గరికి లాక్కుని, నలిగిన అంచులు చూశారు. రూలు రూలేనని గీత కొట్టేశారు. కొట్టేసి, కాసేపాగి, పక్కనున్న షరా గడిలో అదే ఎర్ర కలంతో రాశారు: 'లెక్క ముగిసేలోపల ఒకరు పెరిగినారు.'

ఆ సాయంత్రం ప్రపంచాన్నంతా జయించినట్టు నా అద్దె గదికి వచ్చాను. ఇంటి ఓనరు పిన్నమ్మ గేటు దగ్గరే ఎదురొచ్చి గొంతు తగ్గించింది. "సర్వేవాళ్ళు వచ్చినారమ్మే. నేనూ మీ చిన్నాయనా ఇద్దరమే అని చెప్పి పంపిచ్చినా. నీ పాత చెప్పులు గూడా ల్యాకుండా లోపల దాచినా, ఏం భయపడొద్దు."

దాచిన చెప్పులు తెచ్చి ఆమే నా కాళ్ళ ముందు పెట్టింది. ఇప్పటికీ ప్రొద్దుటూరు జనాభా ఇంత అని ఎవరైనా గట్టిగా చెబితే, కాదనను. లెక్కలో పడని ఇరవై రెండేళ్ళ ఆ టీచరును తలచుకుని, మనసులోనే ఒకటి కలుపుకుంటాను.