అరువు మూర

మా నాన్న పోలిరాజు పోయి మొన్నటికి ఏడాది నిండింది. కొత్తపేట దగ్గర మా రేవులో ఇసుక పడవ నడిపేవాడు. ఏట్లో వెదురు గెడ గుచ్చి, దాన్ని పట్టుకుని అడుక్కి దిగి, బకెట్టుతో ఇసుక తోడేవాడు. మా ఇంట్లో ఉడికిన ప్రతి మెతుకూ ఆ ఇసుకలోంచి వచ్చిందే.

గెడ పాడైతే కొత్తది కోసేవాడు గానీ, తాత నాటి కొలత మార్చేవాడు కాదు. గెడంతా మునిగినా అడుగు తగలని చోట ఇసుక తీయకూడదని మావాళ్ల కట్టుబాటు. ఆ కిందది గంగమ్మ పడక.

తవ్వగా తవ్వగా, లారీలకి ఇసుకెత్తే ర్యాంపు దగ్గర ఏరు లోతైపోయింది. అందరూ పొడుగు గెడలు తెచ్చుకున్నారు. నాన్న మాత్రం ఎగువకు పోయేవాడు. వాళ్లు నాలుగు ట్రిప్పులు వేస్తే ఆయన రెండు.

"బావా, నీ గెడకి పొట్టి జబ్బు చేసింది. టానిక్కు పట్టించు" అనేవాడు పెద్దిరాజు మామయ్య.

"జబ్బు గెడకి కాదు బావా, ఏటికి."

నాకు అమలాపురంలో బీఈడీ సీటు వచ్చిన ఏడు ఆ రెండు ట్రిప్పులూ చాలలేదు.

"గంగమ్మకి పడకుంది. నీ కూతురికి పుస్తకాల్లేవు. ఆలోచించుకోవయ్యా" అంది అమ్మ.

"ఆయ్, చిత్తవండి" అని నవ్వాడు నాన్న. మర్నాడు గెడ చివర మూరెడు వెదురు ముక్క పెట్టి కొబ్బరి తాడుతో బిగించాడు. నీళ్లలోకి దిగుతూ, "తల్లీ, ఈ మూర అరువు. పిల్ల చదువవ్వగానే విప్పేత్తాను" అన్నాడు.

రెండేళ్లకు రామచంద్రపురంలో నాకు టీచరుద్యోగం వచ్చింది. ఆ మాట చెవిన పడగానే రేవుకు వెళ్లి కట్టు కోసేశాడు. నన్ను పడవెక్కించుకుని ర్యాంపు దగ్గర గెడ గుచ్చాడు. తగల్లేదు. ఎగువన, తన పాత చోట గుచ్చాడు. మణికట్టు దాకా చెయ్యి మునిగినా తగల్లేదు.

"అరువు తీసుకుంది నేనొక్కణ్ణే కాదు గదమ్మా" అని పడవ తిప్పేశాడు.

మళ్లీ ఇసుక ముట్టలేదు. వలేసుకుని, దొరికిన చేపలతో, నా జీతంతో సర్దుకున్నాడు. ప్రతి ఏడూ వరద తీశాక మాత్రం ఆ పాత చోటికి వెళ్లి గెడ గుచ్చి చూసేవాడు. చివరిసారి తడిబట్టలతోనే వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇంకో జానెడు మేట వేత్తే తగులుద్దే!" అన్నాడు.

"తగిల్తే మళ్లీ ఇసుక్కి పోతావేంటి?" అంది అమ్మ.

"ముందు ఆవిడ పడక ఆవిడికి చేరనీ."

ఈ ఏడు వరద తీశాక నాన్న గెడ పట్టుకుని మామయ్య పడవలో నేనే వెళ్లాను. గెడ గుచ్చాను. ఇంకా నాలుగు వేళ్లు తక్కువ.